మాట చివరి వాలు

మా ప్రయోగశాల తలుపుకి ఆ రోజు గొళ్ళెం పెట్టి లేదు. అయినా తన్ని తెరిచారు. తన్నడానికే వచ్చిన కాలికి గొళ్ళెం ఉందో లేదో చూసుకునే ఓపిక ఉండదు కదా. తలుపు వెనక వైర్లు చుట్టుకుంటూ నిలబడ్డ మా రికార్డింగు మనిషి టేపుల తాత మూతికి చెక్క అంచు తగిలి రెండు పళ్ళు నేలమీద పడ్డాయి. ఆయన వాటిని ఏరుకోవడానికి వంగాడు. వంగిన నడుం మీద ఒకడు తుపాకీ మడమతో పొడిచాడు.

వచ్చినవాళ్ళు ఐదుగురు. నలుగురిని నేనెరగను. చేతికి నల్ల పట్టీలు చూసి ఎవరో తెలిసింది. ఐదోవాడు నా శిష్యుడు. రెండేళ్ళు ఇదే గదిలో నా కుర్చీ వెనక నిలబడి పని నేర్చుకున్నాడు. అందరూ వాణ్ణి నా శిష్యపరమాణువు అని వేళాకోళం చేసేవాళ్ళు. వాడు మాత్రం తలుపు తన్నలేదు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు, మా గదిలో దుమ్ము పనికిరాదని నేను నేర్పిన అలవాటు.

నా పని మాటల ధ్వనుల మీద. మాది ఒకటే భాష, రెండు కొమ్మలు. కొండవాళ్ళం మేం వాక్యం ముగించేటప్పుడు గొంతుని ఒక మెట్టు దించి, అడుగున కాస్త లేపుతాం. దాన్నే వాలు అంటాం. లోయవాళ్ళ మాటలో ఆ వాలు మూడు తరాల కిందట చెరిగిపోయింది. అందులో తప్పూ లేదు, తక్కువా లేదు. ఏరు దారి మార్చుకున్నట్టే మాట కూడా మార్చుకుంటుంది. ఎందుకు మార్చుకుంటుందో, పోయిన వాలుని లోయ పిల్లలు బడిలో మళ్ళీ ఎలా నేర్చుకుంటారో చూడడానికి నేను పంతొమ్మిదేళ్ళు ఖర్చు పెట్టాను. పెళ్ళి చేసుకోమని మా అక్క పోరినప్పుడల్లా, నాకు మైకుతో ఎప్పుడో అయిపోయిందని చెప్పేదాన్ని.

పిల్లల కోసమే పది వాక్యాల పరీక్ష ఒకటి తయారుచేశాను. గోడ మీద గడియారం ఆగింది. చెల్లి బకెట్ నింపింది. అన్నీ ఇలాంటివే, పాలుతాగే పిల్లాడికి కూడా హాని చెయ్యని మాటలు. మైకులో చదివితే తెరమీద గొంతు ఎక్కడం దిగడం గీతలా పడుతుంది. నేను పెట్టిన హద్దు కిందికి గీత దిగితే వాలు ఉన్నట్టు, దిగకపోతే లేనట్టు. కొండలో పుట్టిన ఏ ఒక్కరూ ఈ పరీక్షలో తప్పరని నా వ్యాసంలో రాశాను. మంచి పేరొచ్చింది. ఆ పేరు నా తలకి బాగా ఎక్కింది కూడా, అబద్ధం ఎందుకు.

తర్వాత యుద్ధం వచ్చింది. ఎవరు మొదలుపెట్టారని అడిగితే ఇద్దరూ అవతలివైపే వేలు చూపిస్తారు. రంగు ఒకటే, బట్ట ఒకటే, ముఖం ఒకటే. గుర్తింపు కాగితాలు ఎవరైనా పుట్టిస్తారు. లోయవాణ్ణి పోల్చుకోవడానికి మా కొండవైపు పట్టీలవాళ్ళకి మిగిలింది గొంతు ఒక్కటే.

వాళ్ళకి కావలసింది నా డిస్కు. అందులో నాలుగు వందల మంది కొండవాళ్ళ గొంతులున్నాయి, వాటితో పోల్చకపోతే పరీక్ష నడవదు. పాస్‌వర్డ్ చెప్పమని శిష్యుడు చేతులు కట్టుకుని మర్యాదగా అడిగాడు. చెప్పనన్నాను. అప్పుడు ఒకడు టేపుల తాత కుడిచెయ్యి లాగి తలుపు సందులో పెట్టాడు, ఇంకొకడు తలుపు మూశాడు. ధ్వనులే బతుకుగా ఉన్నదాన్ని కదా, ఆ చప్పుడులో వేళ్ళు ఎన్ని విరిగాయో కూడా నాకు వినబడింది. అయినా నోరు విప్పలేదు. రెండోసారి మూశారు. అప్పుడు చెప్పేశాను.

చెప్పాక తాతని వదిలేస్తారనుకున్నాను. ఆయన చేత గడియారం వాక్యం చదివించారు. ఆయన లోయమనిషి, ముప్ఫై ఏళ్ళుగా కొండవాళ్ళ గొంతులు రికార్డు చేస్తూ కూడా తన గొంతు తనలాగే ఉంచుకున్నాడు. గీత దిగలేదు. ఆయన ఎవరి వైపూ చూడలేదు, ఊడిన పళ్ళు ఎడమచేతిలో పట్టుకునే ఉన్నాడు. అక్కడే, టేపుల అలమారకి ఆనించి కాల్చారు. నా చెవుల్లో హోరు తగ్గకముందే శిష్యుడు మైకు మీది నెత్తురు తుడుస్తూ, బయట గాలిలో పరీక్ష పెడితే మైకు నోటికి ఎంత దూరంలో ఉండాలని నన్ను అడిగాడు.

"జానెడు," అన్నాను.

అడిగితే చెప్పడం నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. తప్పుగా అడిగినవాణ్ణి దిద్దకుండా ఉండలేను. ఆ ఒక్క మాటకి నా నాలుక కోసి కుక్కలకి వెయ్యాలి. వాడు చిన్న పుస్తకంలో రాసుకుని దండం పెట్టి వెళ్ళాడు.

ఇంటికి పరిగెత్తాను. నేను మా అక్కా బావలతోనే ఉంటాను, రెండో అంతస్తులో మూడు గదుల ఇల్లు. అక్క కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగిస్తుంది. బావ లిఫ్టు మెకానిక్కు, లోయలో పుట్టినవాడు. ఇక్కడికి వచ్చి పదిహేనేళ్ళయింది, ఇప్పటికీ బల్లపరుపుగా మాట్లాడతాడు. చదును బావ అని నేను ఏడిపిస్తే, మొక్కై వంగనిది మానై వంగునా మరదలా అని నవ్వేసేవాడు. వాళ్ళ కూతురికి ఎనిమిదేళ్ళు, ఒకచోట నిలవదు కాబట్టి పిచ్చుక అని పిలుస్తాం. దాని గొంతులో వాలు దాని ఇష్టం. అమ్మతో ఉన్నప్పుడు ఉంటుంది, నాన్నతో ఉన్నప్పుడు ఉండదు.

సాయంత్రానికి ఊరంతా మైకుబండి తిరిగి చెప్పింది. శుక్రవారం మా వీధిలో ఇంటింటికీ పరీక్ష. ఊరు వదిలి పోవాలంటే టోల్‌గేటు దగ్గర అదే పరీక్ష, నెగ్గినవాళ్ళు పోవచ్చు. పదేళ్ళలోపు పిల్లలకి పరీక్ష లేదు, ఎవరి చెయ్యి పట్టుకుని ఉంటే వాళ్ళ దారే వాళ్ళది. బావది లోయ అని మా వీధికంతా తెలుసు, అందుకని ముందే గేటు దాటాలి, గురువారం లోపల బావ నోట వాలు పలకాలి. లేకపోతే టేపుల తాత దారే. నాలుగు రోజులు. పెద్దవాళ్ళెవరికీ నాలుగేళ్ళలో కూడా పూర్తిగా రాదని రాసింది నేనే. అది చదివి చప్పట్లు కొట్టినవాళ్ళలో బావ కూడా ఉన్నాడు.

సామాన్ల గది కిటికీకి బొంతలు కుక్కి మొదటిరోజు పొద్దున్నే కూర్చోబెట్టాను. నేను చెప్పి అనిపిస్తే బాగానే అనేవాడు. తనంతట తాను చదవమంటే మూడో వాక్యానికల్లా చదును. గుండెమీద చెయ్యి పెట్టి దించమన్నాను, మెట్లు దిగుతున్నట్టు తలుచుకోమన్నాను, లిఫ్టు కింది అంతస్తుకి చేరి ఆగేముందు చిన్న కుదుపిస్తుందే అలా అన్నాను. ఆ లిఫ్టు మాటకి కొంచెం పట్టుబడింది. మధ్యాహ్నం బయట వీధిలో తుపాకులు పేలాయి. అంతే, వచ్చిందంతా ఎగిరిపోయింది. ఎన్నిసార్లు చదివినా గొంతు పైనే వేలాడుతోంది. నాకు తిక్కరేగి బావ చెంప పగలగొట్టాను.

నేను ఎవరినీ కొట్టి ఎరగను. కొట్టాక ఇద్దరం బిత్తరపోయాం. ఆ వెంటనే అన్న వాక్యంలో మాత్రం వాలు నిలిచింది.

రెండోరోజు ఎదురింటి మేడలో గాలింపు జరిగింది. మూడో అంతస్తు నుంచి ఒక మనిషిని కిందికి విసిరారు. పడ్డాక కూడా కాలు కదులుతుంటే ఒకడు తీరిగ్గా మెట్లు దిగి వచ్చి తలమీద సిమెంటు ఇటుక వేశాడు. బొంత సందులోంచి నేను చూశాను, బావ చేత కూడా చూపించాను. ఇది చూస్తూ చదువు అన్నాను. తప్పినప్పుడల్లా ఇనుప స్కేలుతో మెటికల మీద కొట్టాను. మధ్యాహ్నానికి మెటికలు ఉబ్బి స్పూను పట్టుకోలేకపోయాడు. అక్క వచ్చి నా జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. మా మధ్య జుట్లు పట్టుకునే యుద్ధం జరిగి పాతికేళ్ళయింది. అప్పుడు రిబ్బన్ల కోసం. ఇప్పుడు దాని గోళ్ళు నా మెడలో దిగాయి, నా మోచెయ్యి దాని పెదవి చిట్లగొట్టింది. వాళ్ళు చంపుతారని వాళ్ళకంటే ముందు నువ్వే చంపుతావా అని అడిగింది. నేను జవాబు చెప్పేలోగా బావ అడ్డం వచ్చాడు.

"కొట్టనియ్యి," అన్నాడు అక్కతో. "కొడుతుంటేనే వస్తోంది. లేకపోతే రావట్లేదు."

మూడోరోజు బావే బకెట్ తెచ్చాడు. తల నీళ్ళలో ముంచి, ఊపిరాడక గింజుకుంటున్నప్పుడు పైకి లాగి, ఆ దగ్గులోనే చదివించేదాన్ని. వాలు ఉంటే వదిలేదాన్ని, లేకపోతే మళ్ళీ ముంచేదాన్ని. ముక్కులోంచి నెత్తురొచ్చింది. నాకు జాలి లేదని కాదు. జాలి పడే తీరిక లేదు. సాయంత్రానికి పదికి తొమ్మిది, తర్వాత పదికి పది. నా రెండు చేతులూ ఆయన గొంతు చుట్టూ బిగించి ఉండగా గడియారం ఆగింది అని చదివాడు, ఆ వాలు మా అమ్మ పలికినట్టుంది. తలుపవతల పిచ్చుక చెవులు మూసుకుని కూర్చుంది. మధ్యమధ్య తనూ వాక్యం పూర్తిచేసేది, నాన్నకి అందిద్దామని కాబోలు.

అక్కని కూడా ఒకసారి చదవమన్నాను.

"నాకెందుకే? పుట్టిందే ఆ మాటలో," అంది, బావ మెటికలకి గుడ్డ చుడుతూ.

నిజమే కదా అనుకున్నాను. నాలుగు వందల మంది గొంతులు కొలిచిన మహాతల్లిని, ఇంట్లో ఉన్న గొంతుని ఒక్కసారి కొలవలేదు.

గురువారం పొద్దున టోల్‌గేటు దగ్గర వరసలో మాకు ముందు అరవై మంది దాకా ఉన్నారు. డబ్బులు తీసుకునే గది కిటికీలో మైకు పెట్టారు, మూతికి సరిగ్గా జానెడు దూరంలో. లోపల శిష్యుడు తెర చూసుకుంటూ కూర్చున్నాడు. నెగ్గినవాళ్ళని గేటు ఎత్తి పంపుతున్నారు. తప్పినవాళ్ళకి ఇంకో అవకాశం ఇచ్చి, అదీ తప్పితే ఆఫీసు గోడ వెనక్కి తీసుకుపోతున్నారు. గోడ వెనక నుంచి ఐదు నిమిషాలకొక తుపాకీ పేలుతోంది. పేలినప్పుడల్లా వరసంతా ఒక అడుగు వెనక్కి జంకి, వెనకున్న పట్టీలవాళ్ళు తంతే మళ్ళీ ముందుకి జరుగుతోంది. ఒక ముసలాయన కూలబడిపోతే మెడమీద బూటు పెట్టి తొక్కారు. ఆయన వంతు తప్పిపోయింది.

మాకు ఏడెనిమిది మంది ముందు మా వీధి ఇస్త్రీ ఆవిడ ఉంది. ఆమెది ఏడు తరాలుగా కొండే. గోడ మీద గడియారం అని మొదలుపెట్టింది. గొంతు తీగ లాగినట్టు పైకి పోయి అక్కడే వణికింది. కిందికి రాలేదు. రెండోసారి ఇంకా పైకి పోయింది. నేను కొండదాన్నే బాబూ అని అరుస్తూనే ఉంది, ఆ అరుపులో కూడా వాలు లేదు. ఆమెని కాళ్ళు పట్టుకుని ఈడ్చుకుపోయారు, తల గతుకుల మీద కొట్టుకుంటూ పోయింది.

అప్పుడు తెలిసింది నాకు. తెలిసింది కాదు, తెలిసినదే ఒప్పుకోవలసి వచ్చింది. భయానికి గొంతు బిగుసుకుంటుంది. బిగుసుకున్న గొంతు పైకి పోతుంది, దిగమన్నా దిగదు. పంతొమ్మిదేళ్ళలో నా మైకు ముందు కూర్చోగానే బెదిరిపోయినవాళ్ళు ముప్ఫై ఒక్కమంది ఉన్నారు. అందరూ కొండవాళ్ళే, ఒక్కరి గొంతులోనూ వాలు పడలేదు. వాళ్ళ రికార్డింగుల మీద బెరుకు, పనికిరాదు అని రాసి పక్కన పడేశాను. వాళ్ళని తీసేస్తే హద్దు ఎంత శుభ్రంగా వచ్చిందో. కొండలో పుట్టిన ఏ ఒక్కరూ తప్పరని అంత ధీమాగా రాయగలిగింది అందుకే. నా గీత స్థిమితంగా ఉన్న మనుషులకి గీసిన గీత. దాన్ని తెచ్చి చావు ముందు నిలబెట్టారు. పెట్టినవాడికి నేను వ్యాసం నేర్పాను, పక్కన పడేసిన ముప్ఫై ఒక్కమందిని చూపించలేదు.

అక్క చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది. వెనక్కి పోదామంటే వెనక తుపాకులు. భయపడకు అక్కా అన్నాను, అంతకంటే భయపెట్టే మాట ఇంకొకటి లేదని తెలిసి కూడా. అక్క పిచ్చుకని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

కిటికీ దగ్గరికి రాగానే శిష్యుడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మేడమ్‌కి పరీక్షేమిటని నవ్వి, గది తలుపు తీయించి తన పక్కన కుర్చీ వేయించాడు. కూర్చున్నాను. చెమట వాసన, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. నేను బావకి మరదలినని గానీ అక్కకి చెల్లెలినని గానీ వాడికి తెలియదు. నా ఇంటి సంగతులు పనిచోట చెప్పుకోవడం నాకు అలవాటు లేదు.

బావ ముందు వచ్చాడు. ఒకడు తుపాకీ గొట్టం మెడ వెనక ఆనించాడు, అందరికీ అలాగే ఆనిస్తున్నారు. బావ కళ్ళు మూసుకున్నాడు. గడియారం ఆగింది. చెల్లి బకెట్ నింపింది. ఒకదాని తర్వాత ఒకటి, పది వాక్యాలూ మెట్టు మెట్టుగా దిగాయి. భయం లేకుండా ఆయన ఒక్కసారి కూడా ఆ వాక్యాలు నేర్చుకోలేదు మరి. శిష్యుడు ముచ్చటపడి, ఏ వీధి మీది అని కూడా అడిగాడు. గేటు ఎత్తారు. బావ గేటు కింద నిలబడి వెనక్కి చూశాడు.

తర్వాత అక్క. ఒక చేత్తో పిచ్చుకని పట్టుకుని, రెండో చేత్తో కిటికీ అంచు పట్టుకుంది. గొట్టం మెడకి తగలగానే ఒళ్ళంతా జలదరించింది. పదిలో మూడు దిగాయి. రెండోసారి ఒకటే దిగింది. నాకు జోలపాడిన గొంతు, అమ్మ పోయాక నన్ను బడికి లేపిన గొంతు, తెరమీద సూదిలా పైకి పొడుచుకుపోయింది. శిష్యుడు వేలు ఊపాడు. ఒకడు అక్క జడ పట్టుకుని లాగాడు. దాని కళ్ళజోడు కింద పడి బూటు కింద నలిగింది. పిచ్చుక చెయ్యి మాత్రం అక్క వదల్లేదు, ఇద్దరూ కలిసే జారుతున్నారు.

నేను లేచి తెరని వాడి ముందునుంచి నావైపు తిప్పేసి, కిటికీలోని మైకు నా దగ్గరికి లాగేశాను. పరీక్ష తప్పని చెప్పాను. భయపడ్డవాళ్ళ గొంతు దిగదని, ముప్ఫై ఒక్కమందిని నేనే దాచానని, పొద్దున్నుంచి గోడ వెనక పోయినవాళ్ళలో సగం మంది కొండవాళ్ళేనని చెప్పాను. ఆమె నా అక్క, ఒక తల్లి కడుపున పుట్టామన్నాను. శిష్యుడు నేను చెప్పిందంతా విన్నాడు. వాడికి కోపం రాలేదు. పాఠం మధ్యలో సందేహం అడిగినట్టు అడిగాడు.

"పరీక్ష తప్పయితే మేడమ్, తప్పినవాళ్ళదీ తప్పే, నెగ్గినవాళ్ళదీ తప్పే. ఇందాక వెళ్ళినాయన్ని వెనక్కి పిలిపించి వేరేలా చూడమంటారా? మావాళ్ళ దగ్గర వేరే పద్ధతులున్నాయి."

గేటు కింద బావ మీదికి ఇద్దరు తిరిగారు. ఒకడు అప్పుడే ఆయన ఉబ్బిన చేతుల వంక చూస్తున్నాడు. ఆ చేతులు ఎలా ఉబ్బాయని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. అక్క నా వంక చూసింది, గేటు వైపు చూసింది. దానికి లెక్క తెలిసిపోయింది. నాకంటే ముందే తెలిసింది, చిన్నప్పటినుంచీ అంతే.

"ఆవిడకి జాలెక్కువ బాబూ," అంది శిష్యుడితో. "పక్కింట్లో ఉంటాం, అక్కా అని పిలుస్తుంది. నేను లోయదాన్నే. ఈ పిల్ల ఆయన కూతురు, తప్పిపోతుందని చెయ్యి పట్టుకున్నాను."

చెప్పి, పిచ్చుక వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసి, వీపు మీద చెయ్యి వేసి గేటు వైపు తోసింది. ఇంక భయం లేదు అక్కకి. అందుకే ఆ మాటలన్నిటి చివరా వాలు నిండుగా దిగింది. నాకు వినబడింది. శిష్యుడికి వినబడలేదు. తెర చూడడం తప్ప చెవితో వినడం వాడికి నేను నేర్పలేదు, ఆ వేళకి తెర నావైపు తిరిగి ఉంది, మైకు నా మూతి దగ్గర ఉంది.

పిచ్చుక అమ్మా అనబోయింది. అప్పటికే బావ పరిగెత్తుకొచ్చి దాన్ని ఎత్తుకుని, ఉబ్బిన అరచేత్తో నోరు మూసేశాడు. అది ఆ చెయ్యి కొరికింది. ఆయన తియ్యలేదు.

"మీ అక్కేనా మేడమ్?" అని అడిగాడు శిష్యుడు. "చివరిసారి అడుగుతున్నాను."

అక్క నా కళ్ళలోకి చూస్తోంది. చదువులో వెనకబడితే చూసినట్టు, ఊఁ చెప్పు అన్నట్టు చూస్తోంది.

"కాదు," అన్నాను.

తెరమీద గీత హద్దు కిందికి దిగి, అడుగున కాస్త లేచింది. శిష్యుడు తెర తనవైపు తిప్పుకుని, దాన్ని పక్కవాడికి చూపించి, పుస్తకంలో వెయ్యదగ్గ వాలు చూడు అన్నాడు.

గేటు దాటి నలభై అడుగులు నడిచాం. నలభై ఒకటో అడుగు దగ్గర గోడ వెనక తుపాకీ పేలింది. బావ ఆగలేదు, నేనూ ఆగలేదు. పిచ్చుక తల బావ భుజం మీదుగా వెనక్కి తిరిగి ఉంది.

ఇప్పుడు మేం శరణార్థులకిచ్చిన ఒక బడిలో ఉంటున్నాం, తరగతి గదికి నాలుగు కుటుంబాల చొప్పున. ఆ హత్యల మీద విచారణ చేసేవాళ్ళు వచ్చి అడిగితే అన్నీ చెప్పాను. టేపుల తాత సంగతి, జానెడు దూరం సంగతి, ముప్ఫై ఒకటి. రాసుకున్నారు. పెద్ద నిపుణురాలినని వాళ్ళు నన్ను గౌరవంగా పలకరిస్తుంటే ఒళ్ళు కంపరమెత్తింది. బావకి ఇప్పుడు వాలు పోవడం లేదు. తన చదును మాటకి తిరిగి పోదామని కూర్చుని ప్రయత్నిస్తాడు, నోరు తెరిస్తే గొంతు మా అమ్మలా దిగుతుంది. అందుకని ఎక్కువ మాట్లాడడు. పిచ్చుక బావతో మాట్లాడుతుంది, పక్క కుటుంబాల పిల్లలతో ఆడుకుంటుంది. నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు.

పన్నెండోరోజు భోజనాల వరసలో నా ముందు నిలబడింది. వెనక్కి తిరిగి, కొంచెం జరగండి ఆంటీ అంది.

పిన్ని అనవే తల్లీ అన్నాను. ఎంత మెల్లగా అన్నానో, నాకే సరిగా వినబడలేదు.

అది పళ్ళెం గుండెలకి ఆనించుకుని నా ముఖంలోకి చూసింది. వెటకారం లేదు, ఏడుపు లేదు. తెలియనిది తెలుసుకోవడానికి అడిగింది.

"మా అమ్మకి చెల్లెలివి కాదన్నావు కదా. మరి నాకు పిన్నివెలా అవుతావు?"

వరస ముందుకి జరిగింది. వెనకున్నవాళ్ళు తొందరపెడుతుంటే నేనూ పళ్ళెం పట్టుకుని జరిగాను.